సాడిల్ గుట్ట మీది కంచె

కథ ఎక్కడ ఆగిందో ఒకసారి గుర్తు చేసుకుందాం. వేట కాలం ఆఖరి రోజున థోరా ఎంగెన్ జీవితంలో మొదటిసారి ఒంటరిగా తుపాకీ పట్టుకుని సాడిల్ గుట్ట ఎక్కింది. జేబులో ఆడ ఎల్క్‌ని, అంటే గుర్రమంత ఉండే కొండదుప్పిని, వేటాడే పర్మిట్ ఉంది. ఎదురుగా ఎల్క్ కూడా ఉంది. కానీ అది ఎమ్మెట్ డూలన్ పాత ముళ్ళకంచెలో వెనక కాలు ఇరుక్కుని వేలాడుతోంది. థోరా కాల్చలేదు. కటింగ్ ప్లేయర్‌తో తీగలు తెంచి దాన్ని వదిలేసింది. ఆ సందులోంచి ఎమ్మెట్ పెయ్యలు అడవిలో పడ్డాయి. డిసెంబరంతా దాణా కొట్లో, పెట్రోలు బంకు దగ్గర ఎమ్మెట్‌ది ఒకటే మాట: ఆ తీగ తెంచిన చేతులు ఎవరివో తేలుస్తానని. కొత్త సంవత్సరం మొదటి పొద్దున ఫైర్ స్టేషన్ హాల్లో, ఏటా జరిగే పలహారం దగ్గర, ఊరందరి ముందూ తన రెండు మాటలూ చెప్పడానికి థోరా లేచి నిలబడింది. సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని ఎమ్మెట్ లోపలికి వచ్చాడు. భుజాన తెగిన ముళ్ళతీగ చుట్ట ఉంది.

చలి కూడా అతని వెనకే లోపలికొచ్చింది. పెనం దగ్గర నిలబడ్డ గస్ పాన్‌కేక్ తిరగెయ్యడం మర్చిపోయాడు. అది మాడుతున్న వాసన హాలంతా కమ్ముకుంటున్నా ఎవరూ అటు చూడలేదు.

ఎమ్మెట్ ఎవర్నీ పలకరించలేదు. బూట్లకంటిన మంచు దులుపుకోలేదు. నేరుగా పొడుగు బల్ల దగ్గరికొచ్చి చుట్టని దాని మీద పడేశాడు. హకిల్‌బెర్రీ పళ్ళ పాకం గిన్నె ఎగిరిపడి ఒరిగింది. ఊదారంగు పాకం బల్లగుడ్డ మీద మెల్లగా పాకింది.

ముందుగా నోరు విప్పింది పెర్ల్. ఆ లోయలో ఎల్క్‌ల కోసం పనిచేసే వాలంటీర్లకి ఆవిడే పెద్ద. డెబ్బై దాటిన మాజీ నర్సు. హాల్లో ఉన్నవాళ్ళలో సగం మందికి చిన్నప్పుడు సూది పొడిచిన చెయ్యి ఆవిడది.

"ఎమ్మెట్, అది తిండి పెట్టుకునే బల్ల," అంది. "ఆ తుప్పు కింద పెట్టు. ధనుర్వాతం ఇంజక్షన్లు ఇవ్వడం నేనెప్పుడో మానేశాను."

ఎమ్మెట్ మొండివాడే గానీ పెర్ల్ మాట కాదన్నవాడు కాదు. చుట్ట తీసి నేల మీద పెట్టాడు. టోపీ కూడా తీశాడు. టోపీ లేకుండా అతన్ని చూసి చాలామందికి చాలా ఏళ్ళయింది. నుదురు పైసగం పాలరాయిలా తెల్లగా ఉంది.

"మీ పండగ పాడుచెయ్యడానికి రాలేదు," అన్నాడు. "ఈ తీగ తెంచిన మనిషి ఈ గదిలోనే ఉంది. ఆ మాట చెప్పి పోదామని వచ్చా."

థోరా ఇంకా నిలబడే ఉంది. చేతిలో కాఫీ కప్పు. ముప్ఫై ఏళ్ళు ఆ ఊరి బడిబస్సు నడిపిన మనిషి ఆవిడ. వెనక సీట్లో ఎవడు తప్పు చేశాడో అద్దంలో మొహం చూసి పట్టేసేది. ఇప్పుడు ఆ వెనక సీట్లో తనే కూర్చున్నట్టుంది.

పక్కనే కూర్చున్న కూతురు మారిట్ తల్లి చేతివంక చూసింది. మారిట్ మిజూలా పట్నంలో బేకరీ నడుపుతుంది. సెలవులకని వచ్చి, తల్లి మంచం పక్కన నాన్న తుపాకీ చూసినప్పటినుంచీ ముభావంగానే ఉంది. తల్లి అరచేతి మీద అడ్డంగా మానిన గీత ఒకటుంది. అదేంటని వచ్చినరోజే అడిగింది. గులాబీ ముల్లు గీసుకుంది అని చెప్పింది థోరా. మోంటానాలో, డిసెంబరులో, గులాబీ.

"అమ్మా," అంది మారిట్ గొంతు తగ్గించి. "ఆ గులాబీ చెట్టు ఇదేనా?"

థోరా కప్పు కింద పెట్టింది. "ఎమ్మెట్, నేను…"

"ఆగు." ఎమ్మెట్ చెయ్యి అడ్డం పెట్టాడు. "నువ్వు చెప్పకు. నువ్వు చెబితే సగం మింగేస్తావు. నేను చూశాను. నేనే చెబుతా."

హాల్లో కుర్చీలు కిర్రుమన్నాయి. అందరూ ఒక్కసారి ముందుకి జరిగారు.

"చూశావా?" అంది థోరా.

"మొదటినుంచీ చూశాను. అవతలి వాలు మీద బైనాక్యులర్‌తో పెయ్యల్ని లెక్కపెట్టుకుంటూ ఉన్నా. ముందు కనపడింది ఎల్క్. కంచెకి వేలాడుతోంది. తర్వాత నువ్వు. సరే, కాలుస్తుంది అనుకున్నా. అది కట్టేసినట్టే ఉంది కదా, కళ్ళు మూసుకుని కాల్చినా తగులుతుంది. నా కంచె పుణ్యమా అని ఇంట్లో మాంసం పెట్టె నిండుతుంది అనుకున్నా." ఎమ్మెట్ హాలంతా ఒకసారి కలయజూశాడు. "ఈవిడేం చేసిందో తెలుసా? తుపాకీ చెట్టుకి ఆనించింది. వేటగాళ్ళేసుకునే నారింజరంగు చొక్కా విప్పింది. అంత చలిలో. పాక్కుంటూ వెళ్ళి ఆ చొక్కా దాని కళ్ళ మీద కప్పింది. మెడ మీద పడుకుంది. గుర్రమంత జంతువు, ఒక్కసారి తల విదిలిస్తే ఈవిడ లోయలో ఉంటుంది. అలాగే ఒళ్ళానించి వెనక కాలి వైపు జరిగి, చెయ్యి చాపి ఒక్కో తీగా కత్తిరించింది."

"పిచ్చిపని," అంది పెర్ల్.

"పిచ్చిపనే. ఆఖరి తీగ తెగేసరికి అది ఎగిరి ఒక్క తన్ను తన్నింది. ఈవిడ వెళ్ళి మంచులో కూలబడింది."

మారిట్ తల్లి భుజం పట్టుకుంది. "నడుం పట్టేసింది అన్నావు. మెట్ల మీద జారానన్నావు."

"జారడం కూడా జారాను," అంది థోరా. "దిగేటప్పుడు."

గస్ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. గస్ మాంసం కొట్టు నడుపుతాడు. ఊళ్ళో వేటాడిన ప్రతి ఎల్క్ అతని కత్తి కిందకే వస్తుంది. థోరా గుట్ట మీదనుంచి ఖాళీ చేతులతో దిగివచ్చినప్పటినుంచీ అతనికి ఆవిణ్ణి ఏడిపించడమే పని. ఎల్క్‌కి దారి చెప్పి పంపించావా అనేవాడు కనిపించినప్పుడల్లా. అది నిజమేనని ఇప్పుడు తెలిసింది.

"ఇంకా అవలేదు," అన్నాడు ఎమ్మెట్. "అది పారిపోలేదు. కాస్త దూరం వెళ్ళి ఆగింది. పక్కకి తిరిగి నిలబడి ఈవిడ వంకే చూస్తోంది. తుపాకీ చేతికందేంత దూరంలో ఉంది. పర్మిట్ ఉంది. సీజన్‌కి ఆఖరి రోజు. అప్పుడైనా కాలుస్తుంది అనుకున్నా. ఈవిడ దానితో ఏదో మాట్లాడింది. పెదవులు కదలడం కనపడింది. ఏమందో వినపడలేదు. నెల రోజులుగా నన్ను తినేస్తున్నది అదే. ఏమన్నావు?"

థోరా మొహం చెవులదాకా ఎర్రబడింది.

"చెప్పు," అంది పెర్ల్. "ఇక్కడ అందరం మనవాళ్ళమే."

"త్వరగా పద, బస్సు వెళ్ళిపోతుంది అన్నాను."

అంతే. హాలు పైకప్పు లేచిపోయిందనుకున్నారు. గస్ బల్ల పట్టుకుని వంగిపోయాడు. ఆ బస్సులో ఎక్కి చదువుకున్నవాళ్ళే అక్కడున్న వాళ్ళలో చాలామంది. ప్రతి పొద్దునా ఆ మాట విన్నవాళ్ళే. మారిట్ మొహం చేతుల్లో దాచుకుని నవ్వుతోందో ఏడుస్తోందో తెలీకుండా ఊగిపోయింది. ఎమ్మెట్ మీసం చివర కూడా ఏదో కదిలింది గానీ అతను దాన్ని వెంటనే సర్దేశాడు.

"నవ్వండి," అన్నాడు. "నేను అవతలి వాలు దిగొచ్చేలోగా నా పెయ్యలు ఆ సందులో దూరిపోయాయి. వాటి కోసం మంచులో పడి తిరిగింది నేను. ఒకటి వాగులో పడి కాలు విరగ్గొట్టుకునేది, దేవుడి దయ. కోపం రాలేదంటే అబద్ధం. చూశాను కాబట్టి కోపం పోయిందంటే అదీ అబద్ధమే. నువ్వొచ్చి చెబుతావని చూశాను, థోరా. ఊరంతా అరుస్తూ తిరిగింది నీకు వినపడాలనే."

"వచ్చాను," అంది థోరా. "రెండుసార్లు వచ్చాను. మీ గేటుదాకా. మీ కుక్క నన్ను దిగనివ్వలేదు."

"అది ముసలిది. దానికి పళ్ళే లేవు."

"ఆ సంగతి అది నాతో చెప్పలేదు."

మళ్ళీ నవ్వులు. అక్కడితో అయిపోతే బాగుండేదేమో. కానీ థోరా మనసులో ఇంకొకటుంది. అది కుక్కదీ కాదు, పెయ్యలదీ కాదు. నవ్వుతున్న మొహం మెల్లగా మారింది.

"ఇంత చూశావు కదా," అంది. "అది అలా వేలాడటం కూడా చూశావు. ఎన్ని వేలాడాయో నీకు తెలుసు. ఆర్విడ్ ఆ కంచె తీసెయ్యమని నీ గేటు దగ్గర ఎన్నేళ్ళు నిలబడ్డాడు? కూలీ అక్కర్లేదు, మేమే వచ్చి చుట్టేస్తాం, పొట్టి కంచె కట్టిస్తాం, కింద తీగకి ముళ్ళు లేకుండా వేస్తాం, ఎల్క్ పిల్లలు కిందనుంచి దూరిపోతాయి అన్నాడు. నువ్వు గేటు కూడా తియ్యలేదు. మా ఆయన పోయాడు. నీ కంచె మాత్రం అలాగే ఉంది."

ఆర్విడ్ పేరు వచ్చేసరికి హాలు చల్లబడింది. థోరా భర్త ఆర్విడ్ గుండెజబ్బుతో పోయి రెండేళ్ళు కావస్తోంది. ఈ కొత్త సంవత్సరం పలహారం మొదలుపెట్టింది అతనూ పెర్లూ కలిసే. రెండు మాటల పద్ధతి అతనిదే. ప్రతి మనిషీ లేచి ఈ ఏడు కొండ నుంచి ఏం తీసుకుంటాడో ఒక మాట చెప్పాలి, కొండకి ఏం ఇస్తాడో ఒక మాట చెప్పాలి. కాగితం మీద రాయకూడదు. రాసుకుంటే కాగితం గుర్తుపెట్టుకుంటుందిలే అని మనం మర్చిపోతాం, నలుగురి ముందు నోటితో అంటే సిగ్గు గుర్తుపెట్టుకుంటుంది అనేవాడు.

ఎమ్మెట్ టోపీ అంచు ఒకసారి తిప్పాడు.

"నిలబడ్డాడు," అన్నాడు. "కాదనను. మంచి మనిషి. ఎల్క్‌ల గురించి ఎంతసేపైనా చెప్పేవాడు. ఎటునుంచి వస్తాయి, ఎటు పోతాయి, పిల్లలు ఎక్కడ పెడతాయి. అన్నీ చెప్పేవాడు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, నీ గడ్డి సంగతేంటి ఎమ్మెట్ అని అడిగాడా? పోనీ మీలో ఎవరైనా అడిగారా?"

గస్ పెనం వైపు తిరిగిపోయాడు.

"ఎండాకాలమంతా కోసి, ఎండబెట్టి, వాములు వేస్తాను. మంచు పడగానే మీ ఎల్క్‌లు మందలు మందలుగా దిగుతాయి. తినేవి తింటాయి, మిగతాది తొక్కుతాయి, దాని మీదే పడుకుంటాయి. పొద్దున లేచి చూస్తే నా వామి వాటి పరుపు. మా నాన్న ఆ కంచె వేసింది వాటిని ఆపుదామనే. ఆగవని నాకూ తెలుసు. దూకుతాయి, కొన్ని ఇరుక్కుంటాయి. కానీ దాన్నీ తీసేస్తే ఇంక నాకేం మిగిలింది? మీకు కంచె కనిపిస్తుంది. నా గడ్డి కనపడదు."

థోరాకి జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. ఆర్విడ్ తరఫున గట్టిగా చెప్పాల్సిన జవాబు. కానీ ఎమ్మెట్ చెప్పింది నిజం. తమ ఇంట్లో ఎన్నో సాయంత్రాలు ఈ కంచె గురించి మాట్లాడుకున్నారు, తిట్టుకున్నారు. గడ్డి అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు. ఆర్విడ్‌ని ప్రేమించడం వేరు, ఆ మాట రాలేదని ఒప్పుకోవడం వేరు. రెండూ ఒకే మనసులో ఇముడుతాయని ఆవిడకి అప్పుడే తెలిసింది.

పక్కనున్న కుర్చీ ఒకటి లాగి అతని వైపు తోసింది.

"కూర్చో ఎమ్మెట్. పోయిన చలికాలం ఎంత తిన్నాయి?"

ఎమ్మెట్ కూర్చోబోయి ఆగాడు. మనిషి తడబడ్డాడు. అరవడానికి సిద్ధపడి వచ్చినవాడికి ఎదుటివాళ్ళు అరవకపోతే గొంతు ఏం చేసుకోవాలో తెలీదు.

"సగం," అన్నాడు. "సగానికి పైనే. ఇళ్ళ దగ్గరున్న వాములైతే పర్లేదు. గుట్ట కింది దొడ్డిలోవే."

"ఆ దొడ్డి చుట్టూ ఏముంది?"

"ఏముంది. నాలుగు కర్రలు."

గస్ గరిటె పట్టుకుని ముందుకొచ్చాడు. "అయితే ఎల్క్ దూకలేనంత ఎత్తు కంచె ఆ దొడ్డి చుట్టూ వేస్తే? ఉత్త దొడ్డి వరకే. గుట్ట మీది ముళ్ళతీగ తీసేస్తే?"

"ఎవరు వేస్తారు?" అన్నాడు ఎమ్మెట్.

"ఇక్కడ తింటున్న వాళ్ళందరూ," అంది పెర్ల్. "ఊరికే తిని పోనిస్తానా? ఎల్క్ సంఘం వాళ్ళ దగ్గర ఎత్తైన కంచె వల ఉంది, గుంజలున్నాయి, అడిగితే ఇస్తారు. చేతులు మావి. నేల గడ్డకట్టి ఉంది కాబట్టి గుంజలు పాతేది మార్చిలో. ఈలోగా మీ వాముల ముందు వంతులేసుకుని కాపలా కాస్తాం. నా వంతు వచ్చినప్పుడు కాఫీ నువ్వు పెట్టాలి."

"నువ్వు ఇందాక వేరే చెప్పావు కదా," అన్నాడు గస్ పెర్ల్‌తో. "కొండ మీద కలుపు పీకుతానని."

"ఇచ్చే మాట రెండోది చెప్పకూడదని ఎక్కడైనా ఉందా? నీదేంటి ఇందాక? పొట్ట తగ్గించి పై సరస్సుదాకా వేటకి నడుస్తానన్నావు, అది తీసుకునేది. ఇచ్చేది పాన్‌కేకులు అన్నావు. అది లెక్కలోకి రాదు. నువ్వు గుంజలు మొయ్యి. పొట్ట దానంతటదే తగ్గుతుంది."

ఈసారి ఎమ్మెట్ మీసాన్ని సర్దుకోలేకపోయాడు. నవ్వేశాడు. ఎవరో కాఫీ పోశారు. ఎవరో ఎల్క్ సాసేజ్‌లు రెండు వడ్డించిన పళ్ళెం ముందు పెట్టారు. మాడిన పాన్‌కేక్ పారేసి గస్ కొత్త పిండి పోశాడు.

"ఎమ్మెట్, తిన్నవాళ్ళు మాట చెప్పాలి," అంది పెర్ల్. "రెండు."

"నేను మీ బృందంలో వాణ్ణి కాదు కదా."

"సాసేజ్ కొరికావా లేదా?"

ఎమ్మెట్ నోట్లోది మింగి లేచాడు. హాలు మొత్తం అతని వంకే చూస్తుంటే చెవులు ఎర్రబడ్డాయి.

"ఇచ్చేది, సాడిల్ గుట్ట కంచె," అన్నాడు. "వచ్చే చలికాలం మంద దిగే వేళకి అక్కడ ముల్లుండదు. ఇదిగో, అందరి ముందూ అంటున్నా."

చప్పట్లు ఆగడానికి కాస్త సమయం పట్టింది. థోరా చప్పట్లు కొట్టలేదు. రెండు చేతులూ బల్ల మీద ఆనించి తల వంచుకుంది. మారిట్ ఆ చేతుల మీద తన చెయ్యి వేసింది.

"తీసుకునేది?" అంది పెర్ల్.

"తీసుకునేది…" ఎమ్మెట్ గొంతు సవరించుకున్నాడు. "నవ్వకూడదు. నాకు వేట రాదు."

అందరూ మొహాలు చూసుకున్నారు. పుట్టి పెరిగింది ఎల్క్‌ల మధ్య, పొలం నిండా ఎల్క్‌లు, గోడ మీద మూడు తుపాకులు. ఊళ్ళో ఎవరూ ఎప్పుడూ అడగలేదు, ఎందుకంటే ఎవరికీ అనుమానం రాలేదు.

"మా నాన్న వాటిని గడ్డి దొంగలు అనేవాడు. తరిమేవాడు. ఆ మాంసం ఇంట్లోకి రానిచ్చేవాడు కాదు. నేను కూడా తరమడమే నేర్చుకున్నా. అడుగు చప్పుడు కాకుండా వాటి వెనక నడవడం, గాలి ఎటు వీస్తోందో చూసుకోవడం, కాల్చకుండా కూడా కూర్చోవడం, అవేవీ తెలీవు. ఆ రోజు బైనాక్యులర్‌లోంచి చూస్తుంటే, ఇన్నేళ్ళూ నా పొలంలో తిరిగిన జంతువుని నేనెప్పుడూ సరిగ్గా చూడనే లేదనిపించింది. ఈ ఏడు నేర్చుకుంటా. ఎవరైనా నేర్పితే." అతను థోరా వైపు తిరిగాడు. "నువ్వు నేర్పితే."

"నేనా?" అంది థోరా. "నేను ఇంతవరకూ ఒక్కదాన్ని కూడా కొట్టలేదు."

"కాల్చని టీచరు, కాల్చడం రాని శిష్యుడు," అన్నాడు గస్. "ఈ ఏడు ఎల్క్‌లు హాయిగా పడుకోవచ్చు. నేను కొట్టు మూసుకోవాలి."

"మూసుకోకు," అంది థోరా.

ఆవిడ లేచింది. ఇందాక ఆగిపోయిన చోటికే వచ్చింది, కానీ ఇప్పుడు నిలబడ్డ తీరు వేరు. బస్సు మెట్ల మీద నిలబడి పిల్లల్ని ఎక్కించుకునే మనిషిలా ఉంది.

"నా మాట ఇదీ. కట్టేసినదాన్ని కాల్చడం వేట కాదని ఆ రోజు కాల్చలేదు. విడిపించాక కాల్చడానికి నాకు చెయ్యి రాలేదు. అది భయం కాదు, జాలీ కాదు, దానికి పేరేంటో నాకు తెలీదు. కానీ ఈ శరత్కాలం మళ్ళీ వెళతాను. దారి తెరిచి ఉన్న గుట్ట మీద, పారిపోగలిగిన ఎల్క్ ముందు కూర్చుంటాను. కాలిస్తే ఒకే గుండు. దాని ప్రాణం నా ముందు ఎక్కువసేపు కొట్టుకోకూడదు. అందుకని వేసవంతా గురి నేర్చుకుంటా. మాంసం నా వీపు మీద నేనే మోసుకొస్తా. గస్, అప్పుడు నీ కొట్టు తెరిచి ఉండాలి. ఇచ్చేది మీ అందరికీ తెలుసు. ఎమ్మెట్ దొడ్డికి మొదటి గుంజ నేను పాతుతా."

కూర్చోబోతుంటే మారిట్ ఆపింది. తనే లేచింది.

"నేనూ సాసేజ్ తిన్నాను," అంది. అందరూ ఆవిడ వైపు తిరిగారు. "వచ్చినప్పటినుంచీ అమ్మతో పోట్లాడుతున్నాను. ఈ వయసులో తుపాకీ ఏంటి, కొండేంటి అని. నాన్న పోయాక అమ్మ కొండ మీద ఒక్కతే ఉంటుందంటే నాకు నిద్ర పట్టేది కాదు. ఇవాళ విన్నాక ఇంకా పట్టదు." హాలు నవ్వింది. మారిట్ నవ్వలేదు. "నాకు తీసుకునేదేమీ లేదు. ఇచ్చేదొకటే. ఆ రోజు అమ్మ వెనక నేను నడుస్తా. మోతలో సగం నాది."

థోరా కూతురి మెడ చుట్టూ చెయ్యి వేసి, అందరి ముందూ, బేకరీ వాసన వచ్చే ఆ జుట్టులో మొహం దాచుకుంది.

"ఇంక చాలు, ఏడిస్తే పాకం పలచబడుతుంది," అంది పెర్ల్ ముక్కు తుడుచుకుంటూ. "నా తీసుకునే మాట మళ్ళీ చెబుతున్నా, ఎమ్మెట్ వినలేదు. ఈ సెప్టెంబరులో పోతు ఎల్క్‌ని పిలిచి, దాని ఊపిరి ఆవిరి నా కళ్ళద్దాల మీద పడేంత దగ్గరికి రప్పించుకుంటా." అంటూనే జేబులోంచి పిలుపు గొట్టం తీసి ఊదింది. అది ఎల్క్ అరుపులా మొదలై, కుళాయి గొంతులో గాలి ఇరుక్కున్నట్టు ముగిసింది. బయట ఎమ్మెట్ పికప్ బండిలో ఉన్న పళ్ళులేని కుక్క దానికి బదులిచ్చింది.

పలహారాలయ్యాక ఎమ్మెట్ థోరా దగ్గరికి వచ్చాడు. "ఇప్పుడే చూసొద్దామా? ఎక్కడ ఎంత తీగ ఉందో."

ముగ్గురూ బయల్దేరారు. ఎమ్మెట్, థోరా, మారిట్. బండి వెళ్ళినంతదాకా వెళ్ళింది. అక్కడినుంచి మంచుబూట్లు కట్టుకుని ఎక్కారు. ఆకాశం నీలంగా కడిగినట్టుంది. ఎండ పడి మంచు కళ్ళు చెదిరేలా మెరుస్తోంది. థోరా ముందు నడుస్తూ ఎమ్మెట్‌కి మొదటి పాఠం చెప్పేసింది.

"మాట్లాడకు."

"నేనేం మాట్లాడలేదు."

"ఇప్పుడు మాట్లాడావు."

మారిట్ వెనక నవ్వు మింగింది.

గుట్ట భుజం దగ్గర థోరా చెయ్యెత్తి ఇద్దర్నీ ఆపింది. మెల్లగా మోకాళ్ళ మీద కూర్చుంది. వాళ్ళూ కూర్చున్నారు. అవతలి లోయలో మంద దిగుతోంది. పైకొండల్లో మంచు ఎక్కువై దిగుతోంది. ముందు ఒక ముసలి ఆడ ఎల్క్, వెనక వరసగా ఇంకా ఇంకా, గోధుమరంగు వీపులు, నల్లటి మెడలు, ఊపిరి పొగలు. మంచులో ముందున్నది తొక్కిన దారిలోనే అన్నీ నడుస్తున్నాయి. తీగ తెగిన సందు దగ్గర ముందున్నది ఆగి వాసన చూసింది. తర్వాత మామూలుగా, ఇంట్లో గది నుంచి గదిలోకి వెళ్ళినట్టు, దాటింది. దాని వెనక పిల్ల దాటింది.

ఎమ్మెట్ ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. "ఎంత చప్పుడు లేకుండా నడుస్తున్నాయి," అన్నాడు గుసగుసగా. ఈసారి థోరా అతన్ని కసరలేదు.

మారిట్ తల్లి చెవి దగ్గర అంది, "నాన్న చూడాల్సింది."

"ఊఁ," అంది థోరా.

మంద సగం దాటింది. అప్పుడు ఉన్నట్టుండి అన్ని తలలూ ఒకేసారి పైకి లేచాయి. చెవులు ఒకేవైపు తిరిగాయి. అవతలి వాలు పైనుంచి ఎవరో గుర్రం మీద దూకుడుగా దిగుతున్నారు. టోపీ చేత్తో పట్టుకుని గాల్లో ఊపుతూ, కేకలేస్తూ. మంద చెదిరింది. దాటినవి ఇటు, దాటనివి అటు, మంచు దుమారం లేపుతూ పరుగెత్తాయి. కంచెకి ఇవతల ఒంటరిగా మిగిలిన పిల్ల ఒకటి తీగ వెంబడి అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టింది.

థోరా లేచి నిలబడింది. "ఎవరది? చలికాలంలో వాటినలా పరుగెత్తిస్తే ఒంట్లో ఉన్న కాస్త కొవ్వూ కరిగి చస్తాయి. నీ మనిషేనా, ఎమ్మెట్? నువ్వు పెట్టావా?"

ఎమ్మెట్ బైనాక్యులర్ కళ్ళకి ఆనించి చాలాసేపు చూశాడు. తర్వాత దాన్ని దించి మెడలో వేలాడదీసుకున్నాడు. పొద్దున హాల్లో నవ్విన మొహం కాదది.

"నెల్," అన్నాడు.

ఆ పేరు విని థోరా అతని వైపు తిరిగింది. చిన్నప్పుడు తన బస్సులో ముందు సీట్లో కూర్చునే నెల్ డూలన్. అన్నతో తగవుపడి నెవాడా వెళ్ళిపోయిన నెల్. మళ్ళీ ఈ లోయలో అడుగుపెట్టనని తల్లి అంత్యక్రియలకి కూడా రాని నెల్.

"మీ చెల్లెలు ఎప్పుడొచ్చింది?"

"వచ్చిందని నాకూ ఇప్పుడే తెలుస్తోంది."

గుర్రం కంచె వెంబడే వాళ్ళ వైపు తిరిగింది. మనిషి కూడా వాళ్ళని చూసినట్టుంది. వేగం తగ్గలేదు.

"ఎమ్మెట్," అంది థోరా మెల్లగా. "పొద్దున అందరి ముందూ ఈ కంచె ఇస్తానన్నావు."

"అన్నాను."

"కంచె నీదే కదా?"

ఎమ్మెట్ టోపీ తీసి, తెల్లటి నుదురు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

"సగం నాదే," అన్నాడు. "మిగతా సగం, అదిగో, గుర్రం మీద వస్తోంది."